తిరుపతి చుట్టుపక్కల రెండో ఆస్తి: మళ్లీ ప్లాటా, అద్దెలొచ్చే ఇల్లా?

మంగళం_మలుపు:

అందరికీ నమస్కారం. రేణిగుంట వైపు 40 అంకణాల (అంకణం ఇక్కడ స్థలం కొలత) ప్లాటు ఒకటుంది, దాని మీద అప్పు లేదు. చేతిలో 16 లక్షలున్నాయి. జీతం నెలకు 70 వేలు చేతికొస్తుంది. పదేళ్లలో నాలుగైదు ఆస్తులు చేసుకొని, ఇంటి ఖర్చులో సగమైనా అద్దెల మీద గడిచేలా చూసుకోవాలని ఆలోచన. బ్రోకర్లు ఇప్పటికి మూడు చూపించారు.

ఒకటి, ఏర్పేడు దగ్గర వెంచర్‌లో 50 అంకణాల ప్లాటు. అంకణం 40 వేలు. ఐఐటీకి పది నిమిషాలట.

రెండు, టౌన్‌లో పన్నెండేళ్ల పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. 42 లక్షలు. ఇప్పుడున్నవాళ్లు 12 వేలు అద్దె కడుతున్నారు.

మూడు, చిత్తూరు వైపు మామిడి తోటలో 20 సెంట్ల ఫార్మ్ ప్లాటు. 9 లక్షలు. తోట వాళ్లే చూసుకుంటారట, కాపు డబ్బులు ఏటా మనకిస్తారట.

వీటిలో ఏది ముందు కొనాలి? లోను ఎంతవరకు తీసుకోవచ్చు? కాగితాలు ఏ వరసలో చూడాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.


అంకణం36:

మూడూ పక్కన పెట్టండి. ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: బ్యాంకు లోను ఇవ్వని ఆస్తి కొనొద్దు. మీకు లోను అవసరం లేకపోయినా సరే. రేపు మీ దగ్గర కొనేవాడికి అవసరమవుతుంది. మొత్తం నగదు పెట్టి కొనేవాళ్లు వందలో ఎంతమంది ఉంటారు? ఆ కొద్దిమందే మీ గిరాకీ అయితే వాళ్లడిగిన రేటుకే ఇవ్వాలి. నాలుగు ఆస్తులున్నా అవసరానికి ఒక్కటీ అమ్ముడుపోక వడ్డీకి తెచ్చుకునేవాళ్లు ఇట్లాగే తయారవుతారు.

ఇక ప్లాటు లెక్క. 50 అంకణాలు, అంకణం 40 వేలు, అంటే 20 లక్షలు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. పూర్తి విలువకు రాయిస్తే లక్షన్నర. బ్రోకరుకు 2 శాతం అనుకుంటే 40 వేలు. లాయరు, కొలతలు ఓ పది వేలు. చేతి నుంచి పోయేది 22 లక్షలు. ఆ డబ్బు 8.5 శాతం వడ్డీకి తెచ్చారనుకోండి, ఐదేళ్లకు 33 లక్షలవుతుంది. అమ్మేటప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను, మళ్లీ కమీషన్. అంటే ఐదేళ్ల తర్వాత 35 లక్షలకు పైన అమ్మితేనే అసలూ వడ్డీ గిట్టుబాటు. అంకణం 70 వేలు పలకాలి. లాభం మాట ఆ తర్వాత. అదే రోడ్డులో ఐదేళ్ల కిందట ఏ రేటుకు అమ్మారో, ఇప్పుడు ఎంతకు రిజిస్టరవుతున్నాయో కనుక్కుంటే అది జరిగేపనో కాదో మీకే తెలుస్తుంది. బోర్డు మీది రేటు కాదు, చేతులు మారిన రేటు అడగండి.

ఐఐటీ మాట. అక్కడ పిల్లలు క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు, అక్కడి సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌ కూడా అంతే. కాలేజీ పేరు చెప్పి అద్దె గిరాకీ అంటే నమ్మకండి. ఈ ఊళ్లో అద్దెకు ఇల్లు వెతికేవాళ్లు ఎవరు? స్విమ్స్, రుయా ఆసుపత్రుల స్టాఫ్, దేవస్థానం ఉద్యోగులు, యూనివర్సిటీ చుట్టూ కోచింగ్ పిల్లలు, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. వీళ్లు బండి మీద పావుగంటలో డ్యూటీకి చేరే చోటు చూసుకుంటారు. బ్రోకర్ చెప్పిన పది నిమిషాలు కారులో, తెల్లారుజామున, ఒక్క లారీ అడ్డం రాకుండా పోతే. బండి మీటరులో కిలోమీటర్లు చూసుకోండి.

ఫ్లాటు. 42 లక్షలు, రిజిస్ట్రేషన్ 3.15 లక్షలు, బ్రోకరుకు 84 వేలు, అంతా కలిపి 46. అద్దె ఏడాదికి లక్షా 44 వేలు. ఒక నెల ఖాళీ తీసేయండి, ఇంటిపన్నుకూ రిపేర్లకూ 20 వేలు తీసేయండి. మిగిలేది లక్షా 12 వేలు, అంటే రెండున్నర శాతం కూడా రాలేదు. 30 లక్షలు లోను పెడితే 8.5 శాతానికి ఇరవయ్యేళ్ల ఈఎంఐ 26 వేలు పైచిలుకు. నెలనెలా 16, 17 వేలు మీ జీతంలోంచే పోయాలి. ఇట్లాంటివి రెండు కొంటే మూడోదానికి లోను పుట్టదు. పైగా పన్నెండేళ్ల బిల్డింగు పాతబడుతూ పోతుంది, రేటు పెరిగేది మీ వాటా భూమికే. దస్తావేజులో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు రాశారో చూడండి. 25 గజాలుంటే మీరు కొంటున్న భూమి ఆరు అంకణాల చిల్లరే.

మీరు అడగని నాలుగో దారి ఒకటుంది, రేణిగుంట ప్లాటులో కట్టడం. 40 అంకణాలు అంటే 1,440 చదరపు అడుగులు. సెట్‌బ్యాక్‌లు (చుట్టూ ఖాళీగా ఉంచాల్సిన స్థలం) వదిలాక కింద 900 అడుగుల్లో రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు పడతాయి. అడుగుకు 2,000 లెక్కన 18 లక్షలు. ప్లాను ఫీజు, బోరు, ప్రహరీ, రెండు కరెంటు మీటర్లకు మూడు వేసుకోండి, 21 లక్షలు. పోర్షనుకు 6,500 చొప్పున వచ్చినా, ఒక నెల ఖాళీ, 15 వేలు రిపేర్లు పోను లక్షా 28 వేలు. కొత్తగా పెట్టిన డబ్బు మీద 6 శాతం. భూమికి మళ్లీ పైసా పెట్టలేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. పిల్లర్లూ పునాదీ పై అంతస్తుకు సరిపడా ఇంజినీరుతో డిజైన్ చేయించి వేయండి. మూడు నాలుగేళ్లకు పైన ఇంకో రెండు పోర్షన్లు వేస్తే అది మీ రెండో ఆస్తి. పిల్లర్లలో ఇప్పుడు మిగిల్చే అరవై డెబ్బై వేలు అప్పుడు పైన కట్టనివ్వదు.

అన్నిటికీ ముందు చెప్పండి, ఆ ప్లాటు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవ్డేనా?


మంగళం_మలుపు:

చాలా థ్యాంక్స్ అన్నా. కట్టడం గురించి నిజంగా ఆలోచించలేదు. దస్తావేజులో "పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుట్" అని రాసుంది. 2018లో రిజిస్ట్రేషన్. ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) అంటూ ఏమీ కనపడలేదు. సర్వే నంబరు పక్కన "పార్ట్" అనుంది.


దస్తావేజు_దారి:

ఎల్‌పీ నంబరు లేకపోతే అది అప్రూవ్డ్ లేఅవుట్ కాదు. గ్రామ పంచాయతీ సర్పంచో కార్యదర్శో ముద్ర వేసిన నక్షాతో లేఅవుట్‌కు ఆమోదం రాదు. తుడా పరిధిలో తుడా, బయట డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) సాంకేతిక ఆమోదం ఉండాలి. ఇట్లాంటి ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయితే అయ్యాయి గానీ, ప్లాను రాదు, ప్లాను లేనిదే బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. కంగారు పడకండి, దారి ఉంది. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను, ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) 2020లో ఒకసారి, 2025లో మరోసారి తెరిచారు. 2025లో ఇచ్చినది ఆ ఏడాది జూన్ 30 లోపు రిజిస్టరైన ప్లాట్లకు. మీది సేల్ డీడ్ కాబట్టి అర్హతకు వస్తుంది, ఉత్త అగ్రిమెంటు ఉన్నవాళ్లకు రాదు. ఇప్పుడు దరఖాస్తు తీసుకుంటున్నారో లేదో తుడా ఆఫీసులో అడగండి. లేఅవుట్‌లో పార్కు స్థలం వదల్లేదు కాబట్టి 2020 పథకంలో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ ఉండేది, రెగ్యులరైజేషన్ చార్జీ దానికి అదనం. ఈ ఖర్చును కట్టే ఖర్చులో కలుపుకొని అంకణం36 గారి లెక్క మళ్లీ వేసుకోండి.

కాగితాల వరస అడిగారు. కొత్తగా ఏది కొన్నా ఇదే వరస. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందు.

మొట్టమొదట 22ఏ, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో జిల్లా, మండలం, గ్రామం పెట్టి నిషేధిత జాబితాలో సర్వే నంబరు చూడండి. ఉచితం, ఐదు నిమిషాల పని. సబ్‌డివిజన్ దగ్గరే పొరపాటు పడతారు. మీ కాగితంలో 112/3 అనుంటుంది, జాబితాలో 112 మొత్తం ఉంటుంది, లేదా 112/3లో కొంత విస్తీర్ణం మాత్రమే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ఆగాల్సిందే. తిరుపతి చుట్టూ ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. హథీరాంజీ మఠం భూములు, దేవస్థానం భూములు, చెరువు పోరంబోకు, డీకేటీ పట్టాలు పక్కపక్కనే ఉంటాయి. డీకేటీ అంటే 1977 చట్టం కింద అమ్మకూడని అసైన్డ్ భూమి. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవయ్యేళ్లు దాటిన వాటికి పూర్తి హక్కులన్నారు. 2024లో వాటి రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన పెట్టారు. "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్" అని ఎవరైనా అంటే, 22ఏ నుంచి ఆ సర్వే నంబరు తీసేసిన ఉత్తర్వు కాపీ పెట్టమనండి. అది చూపించకపోతే మాట్లాడేదేం లేదు.

రెండు, భూమి మూలం. రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన) గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్, పాత జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి, రెండూ ప్రభుత్వ పాత భూమి రిజిస్టర్లే. మన వైపు కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీలు ఉండేవి, 1948 చట్టంతో పోయాయి. ఆ ఊళ్లకు ఆర్‌ఎస్‌ఆర్ అడిగితే దొరకదు, ఫెయిర్ అడంగల్ అడగాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు గడిలో చుక్కలుంటే అవి చుక్కల భూములు. 2017 చట్టం కింద పరిష్కారమైన ఉత్తర్వు కావాలి. "గయాళు", "అనాధీనం", "ఇనాం" అని ఉంటే లాయరు దగ్గరకు తీసుకుపోండి, సొంతంగా తేల్చుకోవద్దు. "పార్ట్" అన్నారు కాబట్టి మీ ప్లాటుకూ ఈ రెండు మెట్లూ ఇప్పుడే చూసుకోండి. మొత్తం నంబరులో ఏ భాగం పట్టానో తేలాలి. నిషేధిత భూమికి ఎల్‌ఆర్‌ఎస్ కూడా రాదు.

మూడు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్). ఈసీ ముప్పై ఏళ్లకు తీయండి. ఒకసారి సర్వే నంబరుతో, ఇంకోసారి దస్తావేజు నంబరుతో. రెండింట్లో వచ్చిన ఎంట్రీలు సరిపోలకపోతే ఎక్కడో సర్వే నంబరు తప్పు పడింది. ఆన్‌లైన్‌లో రాని పాత కాలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత ఈసీ అడగండి. ఈసీ శుభ్రంగా ఉందంటే ఆస్తి శుభ్రమని కాదు. రిజిస్టర్ కాని భాగపరిష్కారం, వీలునామా, కోర్టు కేసు అందులో కనపడవు. మండలంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించి, అమ్మేవాడి అక్కచెల్లెళ్లు ఎంతమందో చూడండి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు వచ్చింది, కేంద్ర చట్టం 2005లో వచ్చింది. అన్నదమ్ములు సంతకం పెట్టి, పెళ్లయిన చెల్లెలు పెట్టని దస్తావేజు పది పదిహేనేళ్లకు కోర్టులో తేలుతుంది. జీపీఏ (యజమాని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతున్నారంటే, ఇచ్చినాయన బతికున్నాడో లేదో, రద్దు చేశాడో లేదో చూడండి. ఉత్త జీపీఏ, అగ్రిమెంటుతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

నాలుగు, నేల మీద. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల నక్షా) పట్టుకొని పోండి. రీసర్వే అయిన ఊళ్లో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరుంటుంది, పాతదీ కొత్తదీ కలిపి చూపే పట్టిక అడగండి. విస్తీర్ణం పాత దస్తావేజుతో తేడా ఉంటే అది సరిచేసుకున్నాకే అడ్వాన్సు. చెక్కుబందీలో (దస్తావేజులోని హద్దుల వివరంలో) "తూర్పు: దారి" అని ఉంటే ఆ దారి నిజంగా తూర్పునే ఉందా, ఎవరి భూమిలో ఉందో చూడండి.

అప్రూవ్డ్ వెంచర్ అయితే ఇంకొకటి. సౌకర్యాలు పూర్తిచేసేదాకా లేఅవుట్‌లో 15 శాతం ప్లాట్లు తుడాకు తనఖా పెడతారు. ఆమోదించిన ప్లానులో వాటి నంబర్లు వేరే రంగులో గుర్తు పెట్టి ఉంటాయి. ఆ నంబర్లు తక్కువ రేటుకు అమ్మకానికొస్తాయి. తనఖా విడుదల ఉత్తర్వు లేకుండా ముట్టుకోకూడదు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరుండాలి. రెరా ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. బ్రోచరులోని నక్షా, రెరా సైటులోని నక్షా పక్కపక్కన పెట్టి చూడండి. పార్కు తగ్గి ప్లాట్లు పెరిగాయంటే మీకు అక్కడే తెలిసిపోతుంది.

డబ్బు విషయం. అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదు ఇవ్వొద్దు, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే అది చాలా ఎక్కువ, ముందే ఆడిటరును అడగండి. దస్తావేజు తక్కువ విలువకు రాయించుకొని రిజిస్ట్రేషన్‌లో యాభై వేలు మిగుల్చుకున్నామని సంబరపడేవాళ్లు, అమ్మేరోజు ఆ తేడా అంతా లాభంగా లెక్కపడి పన్ను కట్టుకుంటారు. లోను కూడా దస్తావేజు విలువకే ఇస్తారు.


చిత్తూరు_కాయ:

మామిడి ఫార్మ్ ప్లాటు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెప్తున్నా. 20 సెంట్లంటే ఎంత? పది మీటర్ల ఎడంతో నాటిన పాత తోటలో ఎకరాకు నలభై చెట్లు. మీ వాటాకి ఎనిమిది చెట్లు. చెట్టుకు వంద కిలోలు అనుకున్నా ఎనిమిది క్వింటాళ్లు. 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, కలిపి కిలోకి పన్నెండు రూపాయలని లెక్క కట్టారు. 9,600 రూపాయలు. అందులో కోత కూలీ, ట్రాక్టరు బాడుగ, మందులు, కాపలా పోవాల. మామిడి ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు తగ్గుతుంది. 9 లక్షలకు ఏటా ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి.

అసలు ఇబ్బంది కాపు కాదు, కాగితం. వ్యవసాయ భూమిని లేఅవుట్ ఆమోదం లేకుండా సెంట్ల కింద ముక్కలు చేసి అమ్ముతున్నారు. పట్టాదారు పాసుబుక్కు వస్తుందంటారు, రావొచ్చు. దాంట్లో ఇల్లు కట్టేదానికి ప్లాను రాదు. గేటు లోపల దారి ఎవరి పేరుతో ఉందో చూడాల. ఆ దారి వెంచర్ యజమాని పేరుతోనే ఉండి, మీ దస్తావేజులో దారి హక్కు రాయకపోతే రేపు గేటుకు తాళం పడితే గోడ దూకి పోవాల్సిందే. బోరు ఒకటే, కరెంటు సర్వీసు ఒకటే, అదీ వాళ్ల పేరుతోనే. "తోట మేమే చూసుకుంటాం" అనే కాగితం ఎన్నేళ్లకు, ఎంతకు, మానేస్తే ఏంది అనేది దస్తావేజులో ఉండదు, వేరే తెల్లకాగితం మీద ఉంటుంది. దాన్ని పట్టుకొని ఎక్కడికీ పోలేరు.

భూమే కావాలంటే నలుగురు కలిసి ఎకరా రెండెకరాలు తారురోడ్డు పక్కన నేరుగా రైతు దగ్గర కొనుక్కోండి. కొన్నరోజే ఎవరి ముక్క వాళ్లకు హద్దులు వేసి వేరువేరు దస్తావేజులు రాయించుకోవాల. "అందరం ఫ్రెండ్సే, తర్వాత పంచుకుందాం" అని ఒకే దస్తావేజులో నలుగురి పేర్లు రాయిస్తే ఒకరికి డబ్బు అవసరమైనప్పుడు మిగిలిన ముగ్గురూ సంతకాలకు రావాల.

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పేరు చెప్పి పలమనేరు, గుడిపాల పక్క రేట్లు ఎత్తేస్తా ఉన్నారు. ఎక్స్‌ప్రెస్‌వేకి యాడ పడితే ఆడ ఎక్కలేము, దిగలేము. ఇంటర్‌చేంజ్ ఉన్న చోటే దాని లాభం. మధ్యలో ఉన్న ఊరికి ఆ రోడ్డు ఒక కంచె మాదిరే. ప్లాటు నుంచి ఇంటర్‌చేంజ్‌కు ఎంత దూరమో చూసి రేటు మాట్లాడండి.


ఈఎంఐ_లెక్క:

లోను ప్రశ్నకు. చేతికొచ్చే జీతంలో అన్ని ఈఎంఐలూ కలిపి సగానికి మించకుండా బ్యాంకులు చూస్తాయి, మీకు అయితే 35 వేల దాకా. కానీ ఆ హద్దు వరకు పోతే పెరగడం అక్కడే ఆగిపోతుంది, తర్వాతి లోనుకు చోటుండదు. 20, 22 వేల దగ్గర ఆపండి. ఆరు ఈఎంఐలు బ్యాంకులో విడిగా ఉంచండి, ముట్టుకోకండి. అద్దె ఇల్లు రెండు నెలలు ఖాళీ పడ్డా, మోటారు కాలినా ఆ డబ్బే కాపాడుతుంది.

ఆర్‌బీఐ లెక్క ప్రకారం 30 లక్షల లోపు ఇంటి లోనుకు ఆస్తి విలువలో 90 శాతం వరకు, 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం. ఖాళీ ప్లాటుకు బ్యాంకులు ఇంతకన్నా తక్కువ ఇస్తాయి, గడువూ తక్కువే.

మీ విషయంలో ఎల్‌ఆర్‌ఎస్ అయ్యాక, 16లో మూడు పక్కన పెట్టి 13 మీవి, ఎనిమిది లక్షలు కన్‌స్ట్రక్షన్ లోను. పదేళ్లకు 8.5 శాతానికి ఈఎంఐ 9,920. రెండు పోర్షన్ల అద్దె 13 వేలు, అద్దెతోనే ఈఎంఐ పోతుంది. ఎల్‌ఆర్‌ఎస్ చార్జీ ఎంత తేలితే అంత లోను పెంచుకోండి, రెండు లక్షలు పెరిగినా 12,400 అవుతుంది. కాకపోతే ఖాళీ నెలల్లో మీ జేబులోంచి పోతుంది, అందుకే ఆ మూడు లక్షలు. బ్యాంకు డబ్బు ఒకేసారి ఇవ్వదు. ముందు మీ వాటా ఖర్చు పెట్టించి, పునాది, స్లాబు, ప్లాస్టరింగ్ దశల్లో ఇంజినీరు వచ్చి చూశాక విడుదల చేస్తుంది. మేస్త్రీతో రాసుకునే కాగితంలో కూడా డబ్బులు అవే దశల్లో ఇస్తానని రాయండి. స్లాబు పడకముందే మేస్త్రీకి స్లాబు డబ్బులిచ్చి, బ్యాంకు డబ్బు రాక పని ఆగిపోవడం ఎక్కువగా జరిగే తప్పు.

ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనును వ్యక్తులు ముందే తీరిస్తే పెనాల్టీ లేదు. బోనసో చీటీ డబ్బో వస్తే అసలులో కట్టి, ఈఎంఐ తగ్గించమని కాకుండా గడువు తగ్గించమని రాసివ్వండి.

పన్ను సంగతి: అద్దెలో ఇంటిపన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద దానంతటదే తగ్గుతుంది, బిల్లులు అక్కర్లేదు. లోను వడ్డీ కూడా తగ్గుతుంది. వడ్డీ అద్దెను మించి నష్టం తేలితే, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లను ఆ నష్టాన్ని జీతంలో సర్దుకోనివ్వరు.


మంగళం_మలుపు:

అర్థమైంది సార్. మూడూ వదిలేశాను. ప్లాటు కొలవడం గురించి ఇంకో ప్రశ్న. రాళ్లు రెండే కనిపిస్తున్నాయి. నాయుడుపేటలో ఉండే మా బావ "40 అంకణాలంటే 320 గజాలు, నీకు సగమే ఇచ్చారు" అంటున్నాడు. నిజమా?


అంకణం36:

మీ బావ లెక్క ఆయన ఊరికి సరే. పాత నెల్లూరు జిల్లా వైపు అంకణం 72 చదరపు అడుగులు, ఎనిమిది గజాలు. తిరుపతిలో అంకణం 36 అడుగులు, నాలుగు గజాలు. 2022లో నాయుడుపేట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి గానీ కొలత మారలేదు. ఒకే జిల్లాలో ఒకే మాటకు రెండు కొలతలు. ఆ వైపు "అంకణం 60 వేలు" అని ప్రకటన చూసి ఇక్కడివాళ్లు బెదిరిపోవడమూ, ఇక్కడి రేటు విని అక్కడి వాళ్లు చవక అనుకోవడమూ దీనివల్లే. ఎప్పుడైనా గజాల్లోకి మార్చి మాట్లాడండి. సెంటుకు 48.4 గజాలు, అంటే మన అంకణాలు 12.1. మీవి 160 గజాలే, సగం ఎక్కడికీ పోలేదు.

కొలవడానికి వంద అడుగుల టేపు, నలుగురు మనుషులు చాలు. దస్తావేజులో 36 ఇంటు 40 ఉందనుకోండి. నాలుగు పక్కలూ సరిపోతే సరిపోయిందనుకోకండి. ఆ మూల నుంచి ఈ మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ 53 అడుగుల 10 అంగుళాలు రావాలి. ఒకటి 55, ఇంకోటి 52న్నర వచ్చిందంటే ప్లాటు వాలిపోయింది, మూలమట్టం లేదు. పక్కల కొలత సరిగ్గానే ఉన్నా విస్తీర్ణం తగ్గుతుంది, ఇల్లు కోణం తప్పుతుంది. రాళ్లు పోయిన రెండు మూలలు పక్క ప్లాట్ల నుంచి కొలిచి పెట్టుకోవద్దు, వాళ్ల రాళ్లూ జరిగి ఉండొచ్చు. లేఅవుట్ మూల రాయి నుంచో, రోడ్డు మధ్య గీత నుంచో రావాలి. పక్కవాళ్లను పిలిచి వాళ్ల ముందే నాటండి.

ఇంకొకటి, 2021 నవంబరు వానలకు ఆ లేఅవుట్‌లో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో ఊళ్లోవాళ్లను అడగండి. పాత ఇళ్ల గోడల మీద మరక ఉంటే టేపు పెట్టి కొలవండి. మీ బేస్‌మెంటు దానికన్నా అడుగున్నర పైన ఉండాలి. మట్టి తోలించే ఖర్చు ఇప్పుడే అంచనాలో వేసుకోవచ్చు.


దస్తావేజు_దారి:

తుడాకు పోయేటప్పుడు ఇవి పట్టుకుపోండి: సేల్ డీడ్ కాపీ, లింకు డాక్యుమెంటు, ఈ నెల తీసిన ఈసీ, ఎఫ్‌ఎంబీ నకలు, లేఅవుట్ నక్షా మీద మీ ప్లాటు గుర్తు పెట్టింది, ప్లాటు ఫొటోలు, ఆధార్. ఆ సర్వే నంబరులో పక్క ప్లాట్లవాళ్లు ఇదివరకే ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకుంటే వాళ్ల ప్రొసీడింగ్స్ కాపీ అడిగి తీసుకోండి. లేఅవుట్ రోడ్డు వెడల్పు, పార్కు లెక్క అందులో తేలిపోయి ఉంటుంది, మీ ఫైలు త్వరగా కదులుతుంది. 22ఏ పేజీ ప్రింటు మర్చిపోకండి.